శాసనములో మన వికలాంగుల పాలు

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)

 

ఉగాదినాడు పంచాంగము విప్పితే ఒక్కొక్క రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని నాలుగు లెక్కలు చెప్పుదురు. నేను మీకు మనవి చేయదలచిన విషయములో కూడ ఆ నాలుగు లెక్కలే ఉన్నవి. మన ఇండ్లలో ఉన్న వికలాంగులకు ప్రభుత్వమునుండి వచ్చు ఆదాయమెంత, జబ్బు చేస్తే అయ్యే వ్యయమును ఎవరు భరింతురు, రాజుగారి దగ్గర మనకు గల పూజ్యమెంత, లోకము చేసే అవమానమెంత అన్నది నేటి ప్రసంగము.

నేను పండితుణ్ణి కాను, వకీలును కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. రూల్సు పుస్తకము, సర్క్యులరు, వీటిని అక్షరము వదలకుండ చదవడము మా నౌకరీ. ఆ అలవాటుతోనే ఈ సంగతులు చదివినాను. తెలిసినంతవరకు తేట తెలుగులో చెప్పెదను.

ముందుగా ఒక ప్రశ్న. వికలాంగుల సంగతి ఢిల్లీది గదా, ముంబయిలో కూర్చున్న శాసనసభకు ఏమి పని అని కొందరు అడుగుదురు. మన రాజ్యాంగములో ఏడవ షెడ్యూలని ఒకటి ఉన్నది. ఏ పని కేంద్రానిది, ఏ పని రాష్ట్రానిది అని అందులో పంచిపెట్టినారు. రాష్ట్రముల జాబితాలో 6వ అంశము ప్రజారోగ్యము, ఆస్పత్రులు. 9వ అంశము వికలాంగులకు, పని చేయలేనివారికి సాయము. అంటే అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నప్పుడు ముసలి తల్లిని ఎవరు చూడవలెనో కాగితముమీద వ్రాసుకొన్నట్లు, మన భారము రాష్ట్రము పాలికి వచ్చినది. కాబట్టి ఏటేటా బడ్జెటు సమావేశములో ముంబయి విధాన భవనములో ఏ శాఖకు ఎంత డబ్బు మంజూరైనదో, అదే మన పాలు.

ఇక కేంద్రము చేసిన పెద్ద చట్టము ఒకటి ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడిక చేయగా, మన దేశము 2007లో దానికి ఆమోదము తెలిపినది. ఆ మాట నిలబెట్టుకొనుటకై పార్లమెంటు 2016లో వికలాంగుల హక్కుల చట్టము చేసినది. అది 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు 1995నాటి చట్టములో 7 విధముల వైకల్యములు మాత్రమే ఉండెను. కొత్త చట్టములో 21 ఉన్నవి. కాలు లేనివారు, చూపు లేనివారు మాత్రమే వికలాంగులనుకొనే కాలము పోయినది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి నెత్తురు జబ్బులు, పార్కిన్సన్ వణుకు, మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యము, ఆటిజము, కుష్ఠు నయమైనా వేళ్ళు వంకరపోయినవారు, ఆసిడ్ దాడికి గురియైనవారు, అందరూ ఆ పట్టికలో ఉన్నారు.

అందులో మన వాడకు ముఖ్యమైనది వినికిడి. ఈ బీమండిలో మనవారు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి వచ్చి తరతరాలుగా సాంచెలు నడుపుచున్నారు. సాంచెల కార్ఖానాలో పక్కన నిలబడిన మనిషితో మాట్లాడవలెనంటే చెవిలో నోరు పెట్టి అరవవలెను. పన్నెండు గంటల దూటీ, ఇరవై ఏండ్ల సర్వీసు. యాభై ఏండ్లు రాకముందే ఇంట్లో టీవీ గోడలదిరేటట్లు పెట్టుకొను మామలు మన వాడలో ఎందరు లేరు? “వయసు మీరినది, చెముడు వచ్చినది” అని సరిపెట్టుకొందుము. అది వయసు తెచ్చిన చెముడు కాదు, సాంచె తెచ్చిన చెముడు. పెద్ద చప్పుడువలన వచ్చే చెవుడు మన దేశపు చట్టములో వృత్తి వ్యాధుల పట్టికలో ఉన్నది. నూలు ధూళి ఊపిరితిత్తులలో చేరి ఆయాసము తెచ్చే బిస్సినోసిస్ అను జబ్బు కూడ అందులోనే ఉన్నది.

2016 చట్టము లెక్క ప్రకారము రెండు చెవులలోను 60 మొదలు 70 డెసిబెల్స్ వరకు వినికిడి తగ్గినవారు “వినికిడి తక్కువవారు”, 70 డెసిబెల్స్ తగ్గినవారు “చెవిటివారు”. డెసిబెల్ అనేది చప్పుడును కొలిచే లెక్క. చెవి పరీక్ష యంత్రముమీద అది తేలును. డాక్టర్ల బోర్డు పరీక్షించి వైకల్యము నూటికి 40 వంతులు లేక అంతకు మించి ఉన్నదని వ్రాస్తే, చట్టము ఇచ్చే ముఖ్యమైన సదుపాయములకు తలుపు తెరుచుకొనును. బాంద్రాలో ఇటువంటి పరీక్షలకు పేరుపొందిన జాతీయ సంస్థ ఒకటి ఉన్నది. 1983లో స్థాపించిన దానికి అలీ యావర్ జంగ్ గారి పేరు పెట్టినారు. వారు మన హైదరాబాదువారే. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా పనిచేసి, తరువాత మహారాష్ట్రకు గవర్నరై, 1976లో పదవిలో ఉండగానే కాలధర్మము చెందినారు. కాళ్ళు చేతుల వైకల్యమునకు హాజీ అలీ దగ్గర 1955లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. కృత్రిమ అవయవములు, కాలిపర్లు అక్కడ చేసి ఇత్తురు. ఈ రెండూ కాశేలినుండి ఒక పూట ప్రయాణములో ఉన్నవే. మనలో ఎందరము పోయినాము?

ఇప్పుడు ఆదాయము లెక్కకు వత్తును.

మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన అని ఒకటి 1980నుండి నడుచుచున్నది. వికలాంగులు, వితంతువులు, దిక్కులేనివారు దీనికిందికి వత్తురు. 2023లో నెలకు 1,500 రూపాయలు చేసినారు. అప్పుడు వితంతువుకూ అంతే, వికలాంగునికీ అంతే. కాని 2016 చట్టము 24వ సెక్షను చూడండి. ఇతరులకు ఇచ్చే సాయముకంటే వికలాంగులకు ఇచ్చేది నూటికి 25 వంతులైనా అధికముగా ఉండవలెనని అందులో స్పష్టముగా వ్రాసి ఉన్నది. వికలాంగుల సంఘములవారు అడిగి అడిగి, ఎట్టకేలకు 2025లో వికలాంగుల మొత్తమును 2,500 రూపాయలు చేసినారు. సంతోషమే. చట్టము ఉన్నంతమాత్రాన డబ్బు దానంతట అది నడిచిరాదనీ, అడిగేవాడు ఉండవలెననీ దీనివలన తెలియుచున్నది.

కాని ఈ 2,500 రూపాయలు మన ఇండ్లకు ఎందుకు రావు? రెండు నియమములు అడ్డు.

మొదటిది, వికలాంగుని కుటుంబ ఆదాయము సంవత్సరానికి 50,000 రూపాయల లోపు ఉండవలెను. లెక్క వేయండి. ఒక సాంచెల మనిషి నెలకు 12,000 తెచ్చినాడనుకొందము. సంవత్సరానికి 1,44,000. ఇంట్లో కాలు చచ్చుబడిన తమ్ముడున్నా, మంచము పట్టిన తండ్రి ఉన్నా, కుటుంబము మొత్తమునకు ఆయన ఒక్కడే సంపాదనపరుడైనా, నియమము దృష్టిలో వారు ధనవంతులే! అదే కేంద్ర ప్రభుత్వము చక్రాల కుర్చీ, చెవి యంత్రము, మూడు చక్రాల బండి ఇచ్చే ఎడిప్ పథకములో నెలకు 22,500 ఆదాయము వరకు వస్తువును పూర్తి ఉచితముగా ఇచ్చుచున్నారు. నెలకు 22,500 అంటే సంవత్సరానికి 2,70,000. ఒకే మనిషి ఢిల్లీ లెక్కలో బీదవాడు, ముంబయి లెక్కలో కలవాడు. ఈ తేడాను సరిచేయుమని శాసనసభ్యులను అడుగవలసిన బాధ్యత మనది.

రెండవది, మహారాష్ట్రలో కనీసము 15 సంవత్సరములు నివసించిన రుజువు కావలెను. మనలో ముప్పై ఏండ్లనుండి ఉన్నవారున్నారు. కాని రుజువు ఏది? ఖోలీ అద్దెకు ఉన్నాము, కరారునామా లేదు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరుమీద ఉన్నది. కార్ఖానాలో పేరు నోటిమాటమీద ఉన్నది. రేషన్ కార్డు ఊరిలో ఉన్నది. ఓటు ఊరిలో ఉన్నది. మనిషి మాత్రము ఇక్కడ ఉన్నాడు. కాగితము లేని మనిషి సర్కారు కంటికి నీడవంటివాడు.

ఊరివైపు చూతము. తెలంగాణాలో వికలాంగుల పింఛను 2023 జూలైలో 4,016 రూపాయలు చేసినారు. ఆంధ్రప్రదేశములో 2024 జూలైలో 6,000 చేసినారు. అంకెలు వినుటకు బాగున్నవి. కాని అవి అక్కడ నివసించేవారికి. బీమండిలో సాంచె నడుపుకొనుచు బతికే కుటుంబములోని వికలాంగునికి అక్కడ “ఊరిలో లేడు” అందురు, ఇక్కడ “మా రాష్ట్రమువాడు కాదు” అందురు. రెండు ఇండ్ల చుట్టము ఉపవాసమున్నట్లు అయినది మన సంగతి.

ఈ సందర్భములో మన వలస కుటుంబములు గుర్తుంచుకోవలసిన సూత్రము ఒకటి చెప్పెదను. ప్రభుత్వము ఇచ్చే వాటిలో కొన్ని మనతో రైలెక్కును, కొన్ని ఎక్కవు.

బియ్యము రైలెక్కును. ఒకే దేశము, ఒకే రేషన్ కార్డు అను ఏర్పాటు 2019 ఆగస్టులో మొదట రెండు జంటల రాష్ట్రములలో మొదలైనది. ఆంధ్ర, తెలంగాణ ఒక జంట, మహారాష్ట్ర, గుజరాతు ఒక జంట. తరువాత దేశమంతా వ్యాపించినది. ఆహార భద్రత కిందికి వచ్చే తెలంగాణ కార్డుమీద భివండీలో వేలిముద్ర వేసి ధాన్యము తీసుకొనవచ్చును.

వైకల్య సర్టిఫికెట్టు రైలెక్కును. 2016 చట్టము 58వ సెక్షను ప్రకారము ఒకచోట ఇచ్చిన సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లును. యు.డి.ఐ.డి. కార్డు కూడ అంతే. సిద్దిపేటలో తీసుకొన్నదైనా సరే, ఠాణాలో తీసుకొన్నదైనా సరే.

మా రైల్వే రాయితీ సరేసరి. చూపు పూర్తిగా లేనివారికి, తోడు లేనిదే ప్రయాణము చేయలేని కాళ్ళు చేతుల వైకల్యము కలవారికి, బుద్ధిమాంద్యము కలవారికి రెండవ తరగతిలోను, స్లీపరులోను టిక్కెట్టుమీద నూటికి 75 వంతులు తగ్గింపు. వెంట వచ్చే ఒక మనిషికి కూడ అదే తగ్గింపు. మాట, వినికిడి రెండూ లేనివారికి నూటికి 50. ముసలివారి రాయితీని 2020లో ఆపినారు గాని, వికలాంగుల ఈ రాయితీ ఉన్నది. అయినను పూర్తి టిక్కెట్టు కొని, ఊతకర్రతో పరుగెత్తి బండి ఎక్కేవారిని నేను చూచుచునే ఉన్నాను. సర్టిఫికెట్టు పెట్టెలో భద్రముగా ఉండును, అది ఎందుకు పనికివచ్చునో చెప్పినవారుండరు.

పింఛను మాత్రము రైలెక్కదు. ఇంతవరకు చెప్పినది అదే.

ఇక వైద్యము సంగతి వ్యయము లెక్కలోనిది. అది సగము ఎక్కును, సగము ఎక్కదు. వివరించెదను.

2007 ఏప్రిల్ 1న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశములో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైనది. గుండె ఆపరేషను వంటి పెద్ద వైద్యమునకు బీదవాడు అప్పు చేయకుండ, కార్డు చూపి ఆస్పత్రిలో చేరే పద్ధతి అది. తరువాత 2012 జూలైలో మహారాష్ట్రలో 8 జిల్లాలలో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజన వచ్చినది. 2013లో రాష్ట్రమంతా విస్తరించినది. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన అని పేరు మార్చినారు. మొదట కుటుంబమునకు సంవత్సరానికి లక్షన్నర వరకు ఉండెను. 2018 సెప్టెంబరులో కేంద్రము ఆయుష్మాన్ భారత్ తెచ్చినది. దాని ఖర్చులో సామాన్యముగా 60 వంతులు కేంద్రము, 40 వంతులు రాష్ట్రము భరించును. 2020నుండి మహారాష్ట్రలో రెండు పథకములను కలిపి నడిపినారు. 2023 జూలైలో ఫులే పథకమును కూడ కుటుంబమునకు సంవత్సరానికి 5 లక్షల వరకు పెంచి, పసుపు, నారింజ కార్డులవారికే గాక తెల్ల కార్డువారికి కూడ వర్తింపజేయవలెనని నిర్ణయించినారు. తెలంగాణాలో 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచినారు.

ఇంత డబ్బు ఉన్నది. మనకు దేనిలో పాలు? ఫులే పథకమునకు మహారాష్ట్ర రేషన్ కార్డు కావలెను, ఈ రాష్ట్రపు నివాసి కావలెను. ఆరోగ్యశ్రీ తెలంగాణవారికి అక్కడి ఆస్పత్రులలో ఉపయోగపడును. ఆయుష్మాన్ కార్డు ఒక్కటే ఏ రాష్ట్రమునుండి తెచ్చినదైనా దేశమంతటా పథకములో చేరిన ఆస్పత్రులలో చెల్లును. అయితే అది 2011 సామాజిక ఆర్థిక లెక్కలలో పేరు ఉన్న కుటుంబములకు ఉద్దేశించినది. 70 సంవత్సరములు నిండిన ముసలివారికి మాత్రము 2024 అక్టోబరు 29నుండి ఆదాయముతో నిమిత్తము లేకుండ 5 లక్షల కార్డు ఇచ్చుచున్నారు. మన ఇండ్లలో 70 దాటిన అమ్మలు, బాపులు ఉంటే ఆధార్ తీసుకొని ఆ కార్డు చేయించండి. ఇది రైలెక్కే కార్డు.

రాత్రివేళ గుండెనొప్పి వచ్చిన మనిషిని రిక్షాలో వేసుకొని పోయి, ఆస్పత్రి కిటికీ దగ్గర “ఏ కార్డు?” అని అడిగినప్పుడు, జేబులో ఉన్న కార్డు అక్కడ పనికిరానిదని తెలిసిన కుటుంబము బాధ పగవానికి కూడ వద్దు. అప్పుడు వడ్డీకి తెచ్చిన అప్పు తీరుటకు సాంచెమీద ఎన్ని వేల మీటర్ల గుడ్డ నేయవలెనో మీకు తెలియును. అందుచేత ఏ రాష్ట్రపు కార్డు పెట్టుకొందుమో ఆరోగ్యముగా ఉన్నప్పుడే ఇంటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనుడు. రెండు రాష్ట్రములలో రెండు కార్డులు పెట్టుకొనుట నేరము. పిల్లలు ఇక్కడే చదివి, ఇక్కడే స్థిరపడే కుటుంబములు ఊరి కార్డులో పేరు తీయించుకొని, తీసివేసిన సర్టిఫికెట్టుతో ఇక్కడ కార్డు చేయించుకొనుట మేలు. నాలుగు నెలలకొకసారి ఊరికి పోయి వచ్చేవారికి, ముసలివారు ఊరిలోనే ఉన్నవారికి ఊరి కార్డే మేలు కావచ్చును. అందరికీ ఒకే మందు లేదు.

మరి కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఉన్నది గదా అందురు. ఉన్నది. 1948లో చట్టమై, 1952లో కాన్పూరులో ప్రారంభమైన ఆ ఏర్పాటు ఇప్పుడు 2020నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసినది. ఆ స్మృతి 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినది. ఇ.ఎస్.ఐ. వంటి మంచి ఏర్పాటు మరొకటి లేదు. జబ్బు చేసి పనికి పోలేకపోతే సంవత్సరములో 91 రోజుల వరకు పగారులో నూటికి 70 వంతులు ఇత్తురు. పనిలో దెబ్బ తగిలి వైకల్యము వస్తే కోలుకొనేవరకు నూటికి 90. శాశ్వత వైకల్యమైతే దాని పరిమాణమును బట్టి జీవితాంతము నెలనెలా డబ్బు వచ్చును. కాని ఇది 10 మంది, అంతకు మించి పనిచేసే చోట విధిగా ఉండవలెనని నియమము. మన సాంచెల షెడ్లు ఎట్లున్నవి? ఒకే కప్పుకింద నాలుగు పేర్లు, నాలుగు మీటర్లు, ఒక్కొక్క పేరుమీద నలుగురో అయిదుగురో మనుషులు. చేతివేళ్ళు లెక్కబెట్టినట్లు లెక్కబెడితే ఎక్కడా పది తేలదు. కొత్త స్మృతిలో పదిమంది లేని చోట కూడ యజమాని, కార్మికులు ఇద్దరూ ఒప్పుకొంటే చేరవచ్చునని ఉన్నది. సేఠులలో మంచివారు కూడ ఉన్నారు. వారితో నెమ్మదిగా మాట్లాడి ఈ సంగతి తెలియజేయవలెను.

ఇ.ఎస్.ఐ. లేని చోట పనిలో వేలు తెగినా, చేయి నలిగినా మనిషి దిక్కులేనివాడు కాడు. 1923నుండి కార్మికుల నష్టపరిహార చట్టము ఉన్నది. అది కూడ ఆ స్మృతిలోనే చేరినది. కరెంటుతో నడిచే పనికి పదిమంది లెక్క అక్కడ లేదు. కాని దెబ్బ తగిలిన 2 సంవత్సరముల లోపల దావా వేయవలెను. దెబ్బ తగిలిననాడే సర్కారు ఆస్పత్రిలో చూపించి, ఎక్కడ, ఏ సాంచెమీద తగిలినదో డాక్టరు చీటీలో వ్రాయించుకొనవలెను. “ఇంట్లో జారి పడినాడు” అని వ్రాయిస్తే కేసు ఆనాడే చచ్చినట్లు.

ఇక రాజపూజ్యము. ఇక్కడ ఒక మాటలో మనవారు చిక్కుపడుచున్నారు. మరాఠీలో “శాసన్” అంటే ప్రభుత్వము. మన తెలుగులో శాసనమంటే చట్టము. మంత్రాలయమునుండి “శాసన నిర్ణయ్” వచ్చినదంటే మనవారు శాసనసభ చట్టము చేసినదనుకొందురు. కాదు. అది ప్రభుత్వము తీసుకొన్న నిర్ణయము, దానినే జి.ఆర్. అందురు. మా రైల్వేలో చెప్పవలెనంటే చట్టము రూల్సు పుస్తకము వంటిది, జి.ఆర్. సర్క్యులరు వంటిది. సర్క్యులరును ఇంకొక సర్క్యులరు కొట్టివేయును. రూల్సు పుస్తకము మార్చవలెనంటే సభలో బిల్లు పెట్టవలెను, చర్చ జరుగవలెను, ఓటు వేయవలెను. సంజయ్ గాంధీ పింఛను జి.ఆర్. మీద నడుచుచున్నది. ఫులే వైద్య పథకము జి.ఆర్. మీద నడుచుచున్నది. 2022 డిసెంబరులో వికలాంగుల సంక్షేమమునకు ప్రత్యేక శాఖ ఏర్పరచినది కూడ జి.ఆర్. తోనే. ఇవి మంచి నిర్ణయములే. అయినను దయమీద నిలిచినవి, హక్కుమీద నిలిచినవి కావు.

దయను హక్కుగా మార్చవచ్చునా? మార్చవచ్చును. అందుకు ఈ మహారాష్ట్రమే సాక్షి. 1972 కరువునాడు వి. ఎస్. పాగే గారి ఆలోచనతో ఉపాధి హామీ పథకము ఇక్కడ నడిచినది. దానినే 1977లో ఈ శాసనసభ చట్టము చేసినది. పని అడిగినవానికి పని ఇచ్చి తీరవలెనని 1979నుండి అమలైనది. దేశమంతా 2005లో అదే దారి పట్టినది. అట్లే 1969లో మాథాడీ, హమాలీ కార్మికుల చట్టము చేసినారు. రోజుకొక వ్యాపారి దగ్గర మూటలు మోసే మనిషికి ఒక యజమాని ఉండడు. అటువంటివానికి బోర్డు పెట్టి, వ్యాపారులందరి దగ్గర కూలితోపాటు కొంత అదనముగా వసూలు చేసి, దానితో ప్రావిడెంటు ఫండు, వైద్యము ఏర్పాటు చేసినారు. ఈ సీజనుకు ఒక సేఠు, వచ్చే సీజనుకు మరొక సేఠు అని తిరిగే సాంచెల మనిషి ఆ హమాలీకంటే ఏమి భిన్నము? వైద్యము సంగతిలో రాజస్థాన్ శాసనసభ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టమును ఆమోదించినది. ప్రమాదములో ఉన్న మనిషికి ముందు డబ్బు అడుగకుండ వైద్యము చేయవలెనని అందులో ఉన్నది. ఒక రాష్ట్రమునకు సాధ్యమైనది మరొకదానికి ఎందుకు కాదు?

చట్టములో ఇప్పటికే ఉండి మనము వాడుకొననివి కూడ ఉన్నవి. 2016 చట్టము 25వ సెక్షను ప్రకారము వికలాంగులకు వైద్యములో ముందుగా చూపించుకొనే ప్రాధాన్యము ఉన్నది. ఆస్పత్రిలో నాలుగు గంటలు వరుసలో నిలబడనక్కరలేదు, కార్డు చూపి వినయముగా అడుగవచ్చును. 31వ సెక్షను ప్రకారము 40 వంతుల వైకల్యము కల పిల్లలకు 6నుండి 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య హక్కు. సర్కారు ఉద్యోగములలో నూటికి 4 వారికి కేటాయింపు. ఇక మహారాష్ట్రలో గ్రామపంచాయతీలు, నగరపాలికలు తమ సొంత రాబడిలో నూటికి 5 వంతులు వికలాంగులకై ఖర్చు పెట్టవలెనని ప్రభుత్వ ఆదేశము. ఉండేచోటు పంచాయతీ కిందికి వస్తే పంచాయతీలో, భివండీ నగరములోనికి వస్తే మహానగరపాలికలో, “మా వాటా ఈ సంవత్సరము దేనికి ఖర్చైనది?” అని అడిగే అధికారము మనకు ఉన్నది.

చివరకు అవమానము. ఇది సర్కారు లెక్కకంటే మన ఇంటి లెక్క ఎక్కువ. మనలో మనిషిని పేరు పెట్టి పిలువక, ఉన్న లోపము పెట్టి పిలిచే దుర్గుణము ఉన్నది. కుంటి ఫలానా, గుడ్డి ఫలానా, చెవిటి ఫలానా. నలుగురిలో వికలాంగుణ్ణి కావలెనని అవమానించుట 92వ సెక్షను కింద నేరము. 6 నెలలకు తగ్గకుండ 5 సంవత్సరముల వరకు శిక్ష ఉన్నది. శిక్షకు భయపడి కాకపోయినా సిగ్గుపడియైనా ఆ అలవాటు మానవలెను. దానికంటే పెద్ద అవమానము ఇంకొకటి ఉన్నది. బుద్ధి ఎదగని పిల్లను చుట్టాలు వచ్చినప్పుడు లోపలి ఖోలీలో పెట్టి గడియ వేయుట. “అక్కకు సంబంధము చెడిపోవును, పేరు వ్రాయించవద్దు” అని సర్టిఫికెట్టు తీయించకపోవుట. కండెలు చుట్టి ఇల్లు నడుపుకొనే తల్లులను నేను తప్పుపట్టను. వారి భయము లోకము పెట్టిన భయము. కాని పేరు దాచిన పిల్లకు బడి లేదు, మందు లేదు, పింఛను లేదు, తల్లిదండ్రుల తరువాత దిక్కు లేదు. లెక్కలో లేనివారికి బడ్జెటులో పాలు ఉండదు. ఈ సంవత్సరము పేరు పరాభవము. మన బిడ్డలకు మాత్రము ఆ పరాభవము మన చేతులమీదుగా జరుగరాదు.

నా మనవులు నాలుగు.

ఒకటి, మన సంఘము ప్రతి ఆదివారము రెండు గంటలసేపు ఒక బల్ల వేసి కాగితముల పని చూడవలెను. మరాఠీ చదువుకొన్న మన పిల్లలు పదిమంది చాలు. వైకల్య పరీక్షకు దరఖాస్తు, ఆయుష్మాన్ కార్డు, రైల్వే రాయితీ ఫారము, వీటిని డబ్బు తీసుకొనే దళారి లేకుండ పూర్తి చేయవచ్చును. దరఖాస్తుకు ఫీజు లేదని అందరికీ తెలియజేయవలెను. నా సెలవు ఆదివారములు ఆ బల్ల దగ్గరనే గడుపుటకు నేను సిద్ధము.

రెండు, ప్రతి కుటుంబము ఒక సంచీ పెట్టుకొనవలెను. పిల్లల బడి దాఖలా, టీకాల కార్డు, ఆస్పత్రి చీటీలు, అద్దె కరారు, బ్యాంకు పుస్తకము, ఏ సంవత్సరము కాగితము ఆ సంవత్సరము అందులో వేయవలెను. 15 సంవత్సరముల నివాసము ఒక్కరోజులో రుజువు కాదు. సంవత్సరము వెంట సంవత్సరము పేర్చుకొనిరావలెను.

మూడు, ఇక్కడనే ఉండువారు ఓటు ఇక్కడ వ్రాయించుకొనవలెను. ఓటు లేని వాడకు శాసనసభ్యుడు పండుగనాడు వచ్చి దండ వేయించుకొని పోవును. ఓటున్న వాడ మాటను సభలోనికి మోసుకొనిపోవును.

నాలుగు, సంఘము పక్షాన ఒక మహజరు వ్రాసి మన ప్రాంతపు శాసనసభ్యులకు ఇవ్వవలెను. పింఛనుకు 50,000 ఆదాయ పరిమితి పెంచుడనీ, నివాసమునకు బడి దాఖలా, ఆస్పత్రి రికార్డులను రుజువుగా ఒప్పుకొనుడనీ, సాంచెల కార్మికులకు మాథాడీ బోర్డు వంటిది ఏర్పరచుడనీ, వైద్య పథకమును జి.ఆర్. నుండి చట్టమునకు ఎక్కించుడనీ అందులో అడుగుదము. ఇది తెలుగువారి కోరిక మాత్రమే కాదు. మనతో భుజము భుజము కలిపి సాంచెలు నడిపే ఉత్తరాది సోదరులకూ, మరాఠీ సోదరులకూ కూడ ఇదే కావలెను. వారి సంఘముల సంతకములు కూడ తీసుకొందము.

ఈ నేల మనకు అన్నము పెట్టినది. ఈ పట్టణపు గుడ్డను దేశమంతా కట్టుకొన్నది, దాని పోగులో మన ఊపిరి, మన చెవి వినికిడి కలిసి ఉన్నవి. అందుకు బదులుగా మనము అడిగేది భిక్ష కాదు, లెక్క. ఈ సభ ముగిసిన తరువాత బయట బల్లమీద ఒక పుస్తకము పెట్టి ఉన్నది. మీ ఇంట్లో గాని, మీ చాళిలో గాని వికలాంగులు ఉంటే పేరు, వయస్సు, సర్టిఫికెట్టు ఉన్నదా లేదా, ఈ మూడు మాటలు వ్రాసి పొండి. మిగిలిన పని వచ్చే ఆదివారము మొదలు పెట్టుదము.

సెలవు.